పెడన నలుపుకి ఎందుకంత ఆలస్యం

బందరు పక్కనున్న పెడనలో కలంకారీ అద్దకపు పని చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నల్ల రంగు తయారీకి కుండలో బెల్లం నీళ్లు పోసి, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేసి మూత పెడతారు. ఆ నీరు పనికొచ్చే సరికి రోజులు, వారాలు గడుస్తాయి. తయారైన నీటిలో అచ్చు అద్ది, కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద నొక్కితే మాత్రం నలుపు చూస్తుండగానే తేలుతుంది. రెండు చోట్లా ఉన్నది ఒకే ఇనుము. అక్కడ అంత నిదానం, ఇక్కడ ఇంత తొందర ఎందుకు? రసాయన చర్యల వేగం గురించి తెలుసుకోవాల్సింది చాలా వరకు ఈ ప్రశ్నలోనే ఉంది.

ముందు కుండ సంగతి. బెల్లంలోని చక్కెరను సూక్ష్మజీవులు పులియబెడతాయి. పులిసిన నీటిలో ఆమ్లాలు పుడతాయి. ఆ ఆమ్లం ఇనుమును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఇనుము గట్టి పదార్థం కాబట్టి ఆమ్లానికి అందేది పైపొర ఒక్కటే. లోపలున్న పరమాణువులు పైపొర కరిగేదాకా ఆగాల్సిందే. అందుకే ఒకే దిమ్మ కన్నా చిన్న ముక్కలు, మేకులు త్వరగా కరుగుతాయి. లెక్క చూడండి: ఒక సెంటీమీటరు భుజమున్న ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1000 ముక్కలై, ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఇనుము ఒక్క రవ్వ కూడా పెరగలేదు, ఆమ్లానికి అందే చోటు మాత్రం పది రెట్లయింది.

బట్ట మీద ఈ అడ్డంకి లేదు. ఇనుము అప్పటికే నీటిలో అయాన్లుగా విడిపోయి ఉంది. కరక్కాయలోని టానిన్లు నూలు పోగుల్లో పట్టి ఉన్నాయి. రెండూ కలుసుకోవడమే ఆలస్యం, నలుపు. ఆపైన గాలిలోని ఆక్సిజన్ తగిలే కొద్దీ ఆ నలుపు ఇంకా ముదురుతుంది. అంటే వారాలు పట్టింది రంగు పుట్టడానికి కాదు, ఇనుము నీటిలోకి దిగడానికి. చర్య అనేక మెట్లలో జరిగేటప్పుడు అన్నిటికన్నా నిదానమైన మెట్టే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది.

ఎరుపు కథ వేరు. ఎర్రగా రావాల్సిన చోట పటిక నీటితో అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. తర్వాత బట్టను రంగు చెక్కతోనో, ఆలిజరిన్‌తోనో కాగులో మరిగిస్తే పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఈ తీరంలో చిరివేరు వాడేవారు. అందులోని రంగు పదార్థం కూడా ఆలిజరినే. దాన్ని 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ ప్రయోగశాలలో తయారుచేశారు.

మరిగించడం ఎందుకు? ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. 30 డిగ్రీల నుంచి 100కి ఏడు మెట్లు. మెట్టుకు రెట్టింపు చొప్పున 128 రెట్లు. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా పొయ్యి కింద కట్టెల విలువ తెలుస్తుంది. వేడికి అణువులు ఎక్కువసార్లు ఢీకొనడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. అది చాలా చిన్న కారణం. వాయువుల్లో 10 డిగ్రీలకు ఢీకొనే సార్లు రెండు శాతం కూడా పెరగవు. ఢీకొన్న ప్రతి జంటా మారిపోదు. కాలవ నీరు గట్టు ఎత్తు దాటితేనే అవతలి పొలంలో పడ్డట్టు, తగినంత శక్తి ఉన్న జంటలే గట్టు దాటి మారతాయి. వేడి పెరిగితే అలాంటి జంటల సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ దీన్ని సూత్రంగా చెప్పాడు.

వేడిలాగే వేగాన్ని మార్చేది గాఢత, అంటే నీటిలో పదార్థం ఎంత చిక్కగా ఉందన్నది. దాని ప్రభావాన్ని తొలిసారి లెక్కగట్టి చూపింది చక్కెర మీదే. 1850లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మీ, ఆమ్లం కలిపిన చక్కెర నీటిలో చెరకు చక్కెర విడిపోయే తీరును కొలిచాడు. ఏ క్షణానికి ఎంత చక్కెర మిగిలి ఉందో దాన్నిబట్టే ఆ క్షణపు వేగం ఉంటుందని తేల్చాడు. మన ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి ఇదే చర్య శత్రువు. కోసిన చెరకు ఎండలో నిలవ ఉంటే అందులోని ఎంజైము చక్కెరను విడగొట్టేస్తుంది. రసం పుల్లగా ఉన్నా నష్టమే, అందుకే కాచే ముందు సున్నం కలిపి ఆమ్లాన్ని చంపుతారు.

దివిసీమలో నాగాయలంక చేపలకు ఐసు వేసేది వేగాన్ని తగ్గించడానికే. 30 డిగ్రీల నుంచి సున్నాకు పది డిగ్రీల మెట్లు మూడు. చేప పాడవడం ఆగదు, వెనకబడుతుంది.

వేడితో వేగం పెరుగుతుందన్న మాటను మాత్రం గుడ్డిగా పట్టుకోకూడదు. గుడివాడ చుట్టుపక్కల రైసు మిల్లుల్లో వచ్చే తవుడునే తీసుకోండి. తవుడులో నూనె ఉంటుంది, ఆ నూనెను విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమూ ఉంటుంది. వడ్ల గింజలో ఉన్నంతకాలం రెండూ వేర్వేరు పొరల్లో ఉండి ఒకదాని జోలికి ఒకటి పోవు. మిల్లాడితే పొరలు చితికి రెండూ కలుస్తాయి, గంటల్లోనే తవుడు పుల్లబడటం మొదలవుతుంది. ఎంజైము ఉత్ప్రేరకం, తాను ఖర్చు కాకుండా గట్టు ఎత్తు తగ్గిస్తుంది. ఎండకు తవుడు వెచ్చబడితే దాని పని ఇంకా జోరందుకుంటుంది. అదే తవుడుకు ఆవిరి పట్టి బాగా వేడిచేస్తే ఎంజైము చెడిపోయి చర్య దాదాపు ఆగిపోతుంది. ఉప్పుడు బియ్యానికి వడ్లు ముందే ఉడుకుతాయి కాబట్టి ఆ తవుడు పచ్చి బియ్యపు తవుడు కన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. పచ్చి తవుడు నుంచి వంటనూనె తీయాలంటే మిల్లాడిన వెంటనే నూనె ఫ్యాక్టరీకి చేర్చాలి, లేదంటే అక్కడికక్కడే ఆవిరి పట్టాలి.