మూడు కంప్యూటర్లు, ఒక్క రైలుదారి

మన ఆలయపు వెనుక హాలులో బల్లలపై నడచు చిన్న రైలును చూచిన పిల్లలందరును ఒకే ప్రశ్న వేయుచున్నారు: "ఈ మూడు కంప్యూటర్లలో రైలును నడుపునది ఏది?" మంచి ప్రశ్న. దానికి సరియైన జవాబు తెలియకనే మేము ఒకసారి రెండు రైళ్లను ఢీకొట్టించితిమి.

ముందు ఆ దారి ఏదో చెప్పవలెను. మారిషస్‌లో మొదటి రైలుదారి 1864లో ఉత్తర దిక్కునకు తెరవబడినది. మరుసటి ఏడు, 1865లో, పోర్ట్ లూయిస్ నుండి క్యూర్‌పిప్ మీదుగా మాహెబూర్ వరకు మధ్యదారి వచ్చినది. ముఖ్యముగా పంచదార మోయుటకే ఈ దారులు వేసిరి. కోరింగ రేవున ఓడలెక్కి వచ్చిన మన పెద్దలు నరికిన చెరకు పంచదారయై ఈ పట్టాల మీదనే రేవునకు చేరినది. ప్రయాణికుల బండ్లు 1956లో నిలిచిపోయినవి. 1964లో తక్కినవియు నిలిచినవి. ఆ బండి ఎక్కిన అమ్మమ్మలు, తాతలు మనలో ఇంకను ఉన్నారు గాని ఏటేట తగ్గుచున్నారు. 2022లో మెట్రో క్యూర్‌పిప్ చేరినప్పుడు చిన్నవారు పాత రైలును గూర్చి అడిగిరి. చూపుటకు మా యొద్ద ఏమియు లేకపోయెను. అందుచేత ఈ నమూనా మొదలైనది.

పాత పట్టాల నడిమి వెడల్పు 1435 మిల్లీమీటర్లు. అందులో 87వ వంతు 16.5 మిల్లీమీటర్లగును. అంగళ్లలో దొరకు హెచ్ఓ కొలత పట్టాలు సరిగా అంతే వెడల్పు గలవి. ఇది మా అదృష్టము!

పూర్వపు ఆటరైలులో పట్టాలకు విద్యుత్తు ఎక్కువ చేసిన, దానిపైనున్న ఇంజిన్లన్నియు ఒకేసారి పరుగెత్తును. ఇప్పటి డీసీసీ పద్ధతి వేరు. పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడు ఉండును. ఆజ్ఞలు దానితో కలిసియే పోవును. ప్రతి ఇంజినులో ఒక చిన్న పరికరము, దానికొక సంఖ్య కలవు. 3వ సంఖ్య ఇంజినునకు పంపిన ఆజ్ఞను 3వ ఇంజినే పాటించును. ఈ ఆజ్ఞలను పట్టాలలోనికి పంపునది డీసీసీ-ఈఎక్స్ అను ప్రోగ్రాము ఎక్కించిన ఆర్డుయినో బోర్డు. అది ఒక తీగతో పోర్ట్ లూయిస్ బల్ల వద్దనున్న కంప్యూటరునకు కలుపబడినది. ఆ కంప్యూటరులో జేఎంఆర్ఐ అను ఉచిత ప్రోగ్రాము నడచును. క్యూర్‌పిప్ బల్లకు ఒకటి, మాహెబూర్ బల్లకు ఒకటి వేరే కంప్యూటర్లు ఉన్నవి.

మొదట మూడింటిలోను జేఎంఆర్ఐ పెట్టితిమి. బండి వచ్చినచో ఈ పాయింటు మార్చుము, ఆ బండిని ఆపుము అను నియమములను మూడింటిలోను వ్రాసితిమి. మూడు తలలు ఒకదాని కంటె మేలని తలచితిమి. ఉగాదినాడు క్యూర్‌పిప్ కంప్యూటరును ఎవరో ఆపి మరల వెలిగించిరి. మరల లేచిన కంప్యూటరునకు పాయింటు ఎటు తిరిగియున్నదో, ప్రక్కదారిలో బండి నిలిచియున్నదో తెలియదు. తెలియకయే తన నియమము ప్రకారము పాయింటును త్రిప్పినది. అదే సమయమున పోర్ట్ లూయిస్ కంప్యూటరు తన లెక్క ప్రకారము ఎదురు బండిని పంపియుండెను. ఒక ఇంజిను సిమెంటు నేలపై పడి విరిగినది. సమితిలో కొందరు అంతయు పెట్టెలో పెట్టి మూయుమనిరి. వారి కోపము న్యాయమే. ఆ డబ్బు హుండీ డబ్బు.

ఇప్పుడు నియమములును, జ్ఞాపకమును పోర్ట్ లూయిస్ కంప్యూటరులోనే ఉన్నవి. తక్కిన రెండును అడుగును, చూపును. అంతకు మించి ఏమియు చేయవు. వానిలో బ్రౌజరు తెరచి మొదటి కంప్యూటరు చిరునామాను, 12080 అను ద్వారసంఖ్యను వ్రాసిన, దారి పటము కనబడును. పటములో పాయింటును నొక్కినచో ఆ కోరిక మొదటి కంప్యూటరునకు చేరును. అది సరిచూచి పట్టాలకు పంపును. మార్పు మూడు తెరలపైనను కనబడును. మధ్యలో ఒకటి ఆగి లేచినను, మొదటిదానిని అడిగి ఉన్నది ఉన్నట్లు తెలిసికొనును.

ఫోనుతో నడుపువారు 12090 ద్వారమున చేరవలెను. ఫోను మూగబోయినచో కొన్ని సెకన్లలో ప్రోగ్రామే ఆ ఇంజినును ఆపును. ఇది అవసరము. ఏలయనగా కొత్త ఆజ్ఞ రానంతవరకు ఇంజిను పాత ఆజ్ఞనే పట్టుకొని పోవుచుండును.

పండుగనాడు హాలులో వందల ఫోన్లుండును గనుక కంప్యూటర్లను వైఫైతో గాక తీగలతోనే కలిపితిమి. రౌటరు వేరు, దానికి ఇంటర్నెట్ లేదు. మొదటి కంప్యూటరు చిరునామా మారకుండ రౌటరులో స్థిరపరచితిమి. ఇది మరచినచో ఒకనాటి ఉదయము తక్కిన రెండు తెరలును ఖాళీగా ఉండును.

జేఎంఆర్ఐలో ప్రతి పాయింటునకు మనకు నచ్చిన పేరు పెట్టవచ్చును. మేము తెలుగులోనే వ్రాసితిమి: "క్యూర్‌పిప్ ఎడమ పాయింటు", "మాహెబూర్ చివరి దారి". ఇంకొక కట్టుబాటు కూడ చేసితిమి. బండి పంపువారు ముందు అవతలి బల్లవారిని తెలుగులో అడుగవలెను: "దారి ఖాళీయేనా?" కంప్యూటరే కాపాడును గనుక ఇది అక్కరలేదని పెద్దపిల్లలు వాదించిరి. మేము ఒప్పుకొనలేదు. మొన్న ఒక బాలిక పుస్తకములో నేర్చినట్లు "ఖాళీయే, పంపుడు" అని బదులు చెప్పగా, చిన్నతనమున ఆ రైలెక్కిన ఒక మామ్మగారు నవ్వి, "ఇంట్లో అట్లా అనరు. పంపమ్మా అను" అని దిద్దిరి. ఇప్పుడు హాలంతయు "పంపమ్మా" అనియే వినబడుచున్నది.

ఆట ముగిసినప్పుడు ముందు ఎర్ర స్విచ్చి నొక్కి పట్టాల విద్యుత్తు ఆపుడు. పిదప మొదటి కంప్యూటరులో ప్రోగ్రామును సరిగా మూయుడు. తక్కిన రెండింటిని ఏ వరుసలో ఆపినను దోషము లేదు.