మందకుక్కకు ఏ మందు?

బద్వేలు చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెల మంద వెళుతుంటే వెంట కుక్క ఉంటుంది. దాని చెవుల్లో శనగగింజల్లా పిడుదులు వేలాడుతుండడం మీరు చూసే ఉంటారు. గోమార్లన్నా అవే. కంటికి కనిపిస్తాయి గనుక అందరూ వాటికే మందు అడుగుతారు. కాని అసలు శత్రువు కుక్క పేగులలో దాగి ఉంది.

దాని పేరు ఎకినోకాకస్. బద్దెపురుగుల జాతిదే అయినా పొడవు ఒక సెంటీమీటరైనా ఉండదు. దానివల్ల కుక్కకు పెద్ద బాధేమీ లేదు. దాని గుడ్లు కుక్క మలంతోపాటు గడ్డిలో పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తులలో నీరు నిండిన తిత్తులు పెరుగుతాయి. గొర్రెను కోసినప్పుడు చెడిపోయిన కాలేయాన్ని కుక్కకు విసిరేస్తారు కదా! తిత్తిలోని పురుగు తలలు కుక్క పేగులకు అతుక్కొని, ఆరేడు వారాలలో మళ్ళీ గుడ్లు పెడతాయి. పురుగు ప్రయాణానికి బండి కట్టింది మనమే నన్నమాట.

మధ్యలో మనిషి ఎలా వచ్చాడంటారా? కుక్కను నిమిరి, చెయ్యి కడుక్కోకుండా అన్నం తింటే గుడ్లు మన కడుపులోకి పోతాయి. మన కాలేయంలోనూ తిత్తి పెరుగుతుంది, అదీ ఏళ్ళ తరబడి ఏ బాధా తెలియకుండా! ఇదే హైడాటిడ్ వ్యాధి. చాలామందికి శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది. పొరుగునున్న కర్నూలులో ఈ వ్యాధి వ్యాప్తిపై జరిగిన పరిశోధన 1968లోనే అచ్చయింది. ఐస్‌లాండ్ దేశాన్నీ ఇది పీడించింది. 1863లో హరాల్డ్ క్రాబె అనే డేనిష్ శాస్త్రజ్ఞుడు అక్కడి కుక్కలను పరీక్షించి, జబ్బు గొర్రెల అవయవాలు వాటికి వేయవద్దని ప్రజలకోసం చిన్న పుస్తకం రాశాడు. దశాబ్దాల కృషితో ఆ దేశం వ్యాధిని వదిలించుకుంది.

ఇక మందుల సంగతి. మెడమీద చుక్కలుగా వేసే ఫిప్రోనిల్ పిడుదులను, బొచ్చులో గెంతే చిన్న పురుగులను చంపుతుంది. పేగుల జోలికి పోదు. పైరాంటెల్ ఏలికపాములకు, కొంకిపురుగులకు పనిచేస్తుంది. బద్దెపురుగును ఏమీ చేయలేదు. దానికి ప్రాజిక్వాంటెల్ కావాలి. కాబట్టి దుకాణంలో "పురుగుల బిళ్ళ" అంటే చాలదు, అట్టమీద ఆ పేరుందో లేదో చూడాలి. పచ్చి అవయవాలు తినే మందకుక్కకు ఆరు వారాలకొకసారి ఇవ్వడం మేలు. మోతాదు కుక్క బరువునుబట్టి పశువైద్యుడు చెబుతాడు. బర్రెలకు వాడే పిడుదుల మందును అందాజుగా కుక్కకు పూయకండి. అది ఒళ్ళంతా నాక్కుంటుంది!

కుక్కపిల్లలకు ఏలికపాములు తల్లినుంచే వస్తాయి. రెండు వారాల వయసునుంచే వాటికి మందు మొదలుపెడతారు.

పిడుదుకు ఒక్క కుక్కను కడిగితే సరిపోదు. ఆడ పిడుదు రక్తం తాగి కిందికి దిగి, గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. కుక్క పడుకొనే చోటును, ఆ పగుళ్ళను కూడా చూసుకోవాలి. గెంతే పురుగులోనైతే మరో జాతి బద్దెపురుగు పిల్ల దాగి ఉంటుంది. కుక్క దురదకు కొరుక్కుంటూ పురుగును మింగితే అదీ కడుపులో చేరుతుంది.

మరొక్క మాట. ప్రాజిక్వాంటెల్ పురుగును చంపుతుందిగాని గుడ్లను చంపదు. అందుకే మందు వేశాక రెండు రోజులు కుక్కను కట్టేసి, దాని మలాన్ని కాల్చెయ్యాలి, లేదా లోతుగా పాతిపెట్టాలి.