మందుబిళ్ళకు తేమ తగలనివ్వకండి

హైదరాబాదు పాతబస్తీలో ఇరానీ చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్ తినని వారు అరుదు. వానాకాలంలో ఆ బిస్కెట్లను మూత పెట్టకుండా ఉంచి చూడండి, కరకరలాడేవి కాస్తా మెత్తబడిపోతాయి. ఇంట్లో మందుబిళ్ళలకూ ఈ తేమ బెడద ఉంది. బిస్కెట్ మెత్తబడితే నాలుకకు తెలుస్తుంది. మందు పాడైతే చాలాసార్లు తెలియదు.

బిస్కెట్ ఎందుకు మెత్తబడుతుంది? నీటి అణువులోని హైడ్రోజన్, పిండిలోనూ చక్కెరలోనూ ఉండే ఆక్సిజన్ వైపు లాగబడుతుంది. ఇదే హైడ్రోజన్ బంధం. చక్కెరకు నీటితో ఈ బంధం కుదురుతుంది కనుక చాయ్‌లో కరుగుతుంది. నూనెకు కుదరదు కనుక నీటిలో కలవదు.

కొన్ని మందులు నీటిలో సరిగా కరగవు. కరగని మందు ఒంటికి పట్టదు. అందుకని అలాటి మందును పాలిమర్ అనే పొడవాటి గొలుసు అణువులలో కలిపి బిళ్ళ చేస్తారు. రెండింటికీ హైడ్రోజన్ బంధాలు కుదిరితే మందు గడ్డకట్టకుండా విడివిడిగా నిలుస్తుంది, కడుపులో త్వరగా కరుగుతుంది.

ఎయిడ్స్‌కు వాడే రిటోనవిర్ సంగతి చూడండి. 1998లో దాని క్యాప్సూళ్ళలో సరిగా కరగని కొత్తరకం స్ఫటికాలు ఏర్పడ్డాయి. మందు అదే, అణువుల మధ్య హైడ్రోజన్ బంధాల అమరిక మాత్రం మారింది. ఆ క్యాప్సూళ్ళను మార్కెట్టు నుంచి తీసేశారు. తర్వాత 2005లో ఇదే మందును లోపినవిర్‌తో జతచేసి, కోపోవిడోన్ అనే పాలిమర్‌లో కలిపిన బిళ్ళలు అమెరికాలో వచ్చాయి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టనక్కరలేదు.

ఇలాటి బిళ్ళలోకి తేమ చేరితే నీరు తానే పాలిమర్‌తో బంధం కలుపుకుంటుంది. విడిపడిన మందు మళ్ళీ స్ఫటికాలుగా గడ్డకట్టవచ్చు. అన్ని బిళ్ళలూ ఈ పద్ధతిలో చేసినవి కావు. కాని మీ చేతిలోది ఏ రకమో మీకు తెలియదు కదా! అందుకే అన్నిటికీ ఈ జాగ్రత్తలు పాటించండి:

* వేసుకునే వేళకే బిళ్ళను స్ట్రిప్పు నుంచి తీయండి. ముందే తీసి డబ్బాలో పోయకండి.
* వంటింట్లో, స్నానాలగదిలో మందులు ఉంచకండి.
* సీసాలోని చిన్న సిలికా పొట్లాం పారేయకండి. అది తేమను పీల్చుకుంటుంది.
* డాక్టరు గాని, లేబుల్ గాని చెబితే తప్ప ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీసినప్పుడు చెమ్మ పడుతుంది.
* అడగకుండా బిళ్ళను నూరకండి, విరవకండి.
* రంగు మారినా, పొడిపొడి అయినా, ఆస్పిరిన్ వెనిగర్ వాసన వేసినా వాడకండి. మందులషాపులో చూపించి కొత్తవి తీసుకోండి.

వాడుతున్న మందు గుణమివ్వడం లేదనిపిస్తే మీరే మోతాదు పెంచకండి. ఆ బిళ్ళలను ఎక్కడ, ఎలా దాచారో డాక్టరుకు చెప్పండి. లోపం మందులో కాక, దాచిన చోటులో ఉండవచ్చు.