మంద పెరిగితే మేత ఏది?

పశువులున్న ఇళ్లలో పెరిగినవారికి ఒక సంగతి చెప్పనక్కరలేదు. మంద పెరగడం సంతోషమే గాని, మేత పెరగకపోతే ఆ సంతోషం ఎండాకాలం వరకే. అమెరికా దేశపు అడవి గుర్రాలకు వచ్చిన చిక్కు అదే.

1950లో నెవాడా రాష్ట్రంలో వెల్మా జాన్‌స్టన్ అనే ఉద్యోగిని తన ముందు పోతున్న లారీ నుండి రక్తం కారడం చూసింది. అందులో ఉన్నవి కబేళాకు పోతున్న అడవి గుర్రాలు. ఆ రోజుల్లో వాటిని విమానాలతో, ట్రక్కులతో తరిమి పట్టి, కుక్కల తిండి చేసే ఫ్యాక్టరీలకు అమ్మేవారు. ఆమె ఊరుకోలేదు. బడిపిల్లల చేత సైతం ఉత్తరాలు రాయించింది. ప్రభుత్వ భూముల్లో అలా తరమడాన్ని 1959లో నిషేధించారు. 1971లో అక్కడి గుర్రాలకూ గాడిదలకూ రక్షణ చట్టం వచ్చింది.

కథ అక్కడితో ముగిస్తే హాయిగా ఉండేది! చంపేవారు తగ్గేసరికి మంద నాలుగైదేళ్లకు రెట్టింపు కాసాగింది. ఆ భూములు సుమారు 27,000 గుర్రాలనూ గాడిదలనూ మాత్రమే పోషించగలవని ప్రభుత్వ లెక్క. (ఈ లెక్క మరీ తక్కువని గుర్రాల పక్షం వారంటారు.) 2020 నాటికి అవి 95,000 వరకు చేరాయి. ఎక్కువైనవాటిని హెలికాప్టర్లతో తరిమి పట్టుకుంటున్నారు. 1976లో చట్టమే దానికి మళ్లీ దారి తీసింది. పట్టినవాటిలో వేలాది గుర్రాలు ఎవరూ పెంచుకోక ప్రభుత్వ దొడ్లలోనూ, అద్దె బీళ్లలోనూ ముసలివవుతున్నాయి. చంపకపోవడం ఒక్కటే దయ అనిపించుకుంటుందా? నాకైతే తోచదు.

తూర్పు తీరాన మేరీల్యాండ్ రాష్ట్రంలో వేరొక మార్గం తొక్కారు. అస్సటీగ్ అనే సన్నని దీవిలో వారి భాగాన 1968లో 28 గుర్రాలుండేవి. అవి పెరిగి 165 దాటాయి. చిత్తడి నేలల్లో గడ్డిని, ఇసుకదిబ్బలను పట్టి ఉంచే గడ్డిని కూడా మేసేయడంతో దీవికే ముప్పు వచ్చింది. అందుచేత పార్కువారు 1994 నుండి ఆడగుర్రాలకు ఒక టీకా వేయసాగారు. పంది అండాశయాల నుండి తీసిన ఆ మందు చూలు నిలువకుండా చేస్తుంది. ప్రత్యేకమైన తుపాకీతో దూరం నుండే సూది వేస్తారు గనుక పట్టి కట్టే పని లేదు, మంద చెదరదు. వంశం నిలవడానికి ఒక్కొక్క ఆడగుర్రం ఒక పిల్లను కనే వీలుంచారు.

ఫలితం వెంటనే కనబడలేదు. ఈనడం తగ్గిన ఆడగుర్రాలు ఒళ్లు చేసి మరింత కాలం బ్రతికాయి! ఏళ్లు గడిచాక మంద వారనుకున్న 80–100 సంఖ్యకు దిగింది.

అస్సటీగ్‌లో ప్రతి గుర్రాన్నీ దాని రంగును, మచ్చలను బట్టి గుర్తుపట్టి లెక్క రాసుకుంటారు. మనిషిని చూస్తేనే పరుగు తీసే గుర్రాలున్న విశాలమైన నెవాడాలో ఇది ఎంతో కష్టం. టీకా ఒకసారి వేస్తే చాలదు, ఇంచుమించు ఏటేటా వేయాలి. అయినా అక్కడి వర్జీనియా రేంజ్ కొండల్లో 2019 నుండి స్వచ్ఛంద సేవకులు తుపాకీ, నోటుపుస్తకం పట్టుకొని ఆ పనే చేస్తున్నారు.