బెల్లం రంగు, నీటి తేట

చోడవరం వైపు బెల్లం వండేవాళ్లకు ‘హైడ్రోస్’ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పాకంలో కాస్త వేస్తే బెల్లం నలుపు విరిగి పసిమి తేలుతుంది, ధర పలుకుతుంది. దాని అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. అద్దకంలో నీలిమందును కరిగించడానికి వాడేదీ అదే. రంగు విరిగినంత మాత్రాన బెల్లం మేలురకం అయిపోదు. అద్దకపు మురుగునీటికీ అదే లెక్క.

బట్టకు వేసిన రంగంతా బట్టకు పట్టదు. నూలుకు వాడే రియాక్టివ్ రంగుల్లో పదో వంతు నుంచి ఒక్కోసారి సగం దాకా నీళ్లపాలవుతుంది. ఉతికినా, ఎండబెట్టినా వెలవకూడదని తయారుచేసిన రంగులు కాబట్టి కాలవలో కలిసినా ఓ పట్టాన పోవు. వీటిలో చాలావాటికి రెండు నైట్రోజన్ పరమాణువుల ‘అజో’ ముడి ఉంటుంది. గాలి తగలనిచోట బ్యాక్టీరియా ఆ ముడి తెంపితే రంగు పోతుంది కానీ అమీన్లు మిగులుతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు.

చెట్టు మానును కుళ్లబెట్టే బూజుల్లో లాకేజ్ అనే ఎంజైము ఉంది. 1883లో జపాన్‌లో యోషిదా దీన్ని లాకర్ చెట్టు పాలలో గుర్తించాడు. ఇది గాలిలోని ఆక్సిజన్‌తోనే రంగును ఆక్సీకరిస్తుంది కనుక అమీన్లు మిగిలే అవకాశం తక్కువ.

అయితే నేరుగా నీటిలో పోసిన ఎంజైము నీటితోపాటే పోతుంది. ఖరీదైన సరుకు. అందుకే దాన్ని ఒకచోట కట్టేస్తారు. ఈ విద్యలో మొదటి పాఠం పంచదారతోనే జరిగింది. పంచదారను విడగొట్టే ఇన్వర్టేజ్ బొగ్గుకు అంటుకున్నాక కూడా తన పని చేస్తోందని 1916లో అమెరికాలో నెల్సన్, గ్రిఫిన్ చూపించారు.

ఇప్పుడు సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్‌లో లాకేజ్ కలిపి, కాల్షియం క్లోరైడ్ నీటిలోకి బూందీ దూసినట్టు బొట్లుబొట్లుగా వదులుతారు. గట్టిపడ్డ పూసలను గొట్టంలో నింపి మురుగునీటిని పారిస్తే, ఒకే ఎంజైము మళ్లీమళ్లీ పనికొస్తుంది. పూసల రంధ్రాల్లోంచి అది కారిపోకుండా గ్లుటరాల్డిహైడ్‌తో ముడేయడమూ ఉంది. చెరకు పిప్పి మీద ఆ బూజును పెంచి లాకేజ్ తీయవచ్చు. ఆ పిప్పికే ఎంజైమును పట్టించనూవచ్చు. చోడవరం దగ్గరి గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ పిప్పి ఏమిటో తెలియని ఊరు లేదు.

చిక్కు నీటిలోనే ఉంది. బూజు లాకేజ్‌కు కాస్త పులుపు నీరు నప్పుతుంది. అద్దకపు నీరేమో ఉప్పూ క్షారమూ కలిసినది. రంగు విరిగినా ఉప్పు అలాగే ఉంటుంది. విరిగిన రంగు తునకలు కలిసి కొత్త పదార్థాలుగానూ మారవచ్చు. కాబట్టి గ్లాసులో తేట చూసి మురిసిపోకుండా, ఆ నీటికి సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం), విషగుణ పరీక్షలు చేయాలి. బెల్లం మంచిచెడ్డలు తేల్చాల్సిందీ రంగు కాదు కదా.