పసుపు పెట్టెలో నీలి వెలుగు

ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ‘ఆఫ్రికాలో కాన్పుల ఆస్పత్రులకు సూట్‌కేసులో సోలార్ కరెంటు ఇస్తున్నారని చదివాను. సూట్‌కేసులో ఎలా పడుతుందండీ? మా ఇంట్లో నాలుగు లైట్లకూ రెండు ఫ్యాన్లకూ పెట్టిన ఇన్వర్టరు బ్యాటరీని మేడ మీదికి ఎక్కించడానికే ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది’ అని. ఈ ప్రశ్న వచ్చినప్పటి నుంచి మరో విషయం మీద మనసు నిలవడం లేదు. ఎందుకంటే దీని జవాబు సోలార్ ప్యానెల్‌లో లేదు. ఎక్కువమంది అక్కడే వెతుకుతారు. జవాబు దీపంలో ఉంది.

ముందు ఆ పెట్టె సంగతి. దాన్ని పంచుతున్న సంస్థ పేరు వి కేర్ సోలార్. మొదలుపెట్టినామె లారా స్టాషెల్, అప్పటికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ప్రజారోగ్య విద్యార్థిని. విద్యార్థిని అనగానే ఇరవై ఏళ్ల అమ్మాయి కళ్లముందు మెదులుతుంది కానీ, ఆమె ఎన్నో కాన్పులు చేసిన డాక్టరు. వెన్నునొప్పి వల్ల ప్రాక్టీసు మానేసి మళ్లీ కాలేజీలో చేరారు. ప్రసూతి మరణాల మీద పరిశోధనకని 2008లో ఉత్తర నైజీరియాలోని ఒక ప్రభుత్వాస్పత్రికి వెళ్లారు. అక్కడ సిజేరియన్ ఆపరేషన్ మధ్యలో కరెంటు పోయింది. ఎవరూ కంగారు పడలేదు, వాళ్లకది రోజూ ఉండేదే. ఆమె వెంట తెచ్చుకున్న టార్చిలైటు వెలుగులో మిగతా ఆపరేషన్ పూర్తి చేశారు. రాత్రిపూట నర్సులు కిరోసిన్ లాంతర్ల దగ్గరే కాన్పులు చేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో గర్భం వల్ల, కాన్పు వల్ల చనిపోయిన స్త్రీలు 2,87,000 మంది. వాళ్లలో దాదాపు 70 శాతం సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా వాళ్లే.

ఆమె భర్త హాల్ అరాన్సన్ సోలార్ విద్య బోధించే మనిషి. ఆయన ఆ ఆస్పత్రికి ఒక వ్యవస్థ రూపొందించారు. అది ఎలా పనిచేస్తుందో అక్కడివాళ్లకు చూపించడానికి సూట్‌కేసులో పట్టే చిన్న నమూనా ఒకటి కట్టిచ్చారు. ఆస్పత్రివాళ్లు నమూనాను చూసి, ఇది మా దగ్గరే ఉంచేయండి అన్నారు. చుట్టుపక్కల క్లినిక్కులవాళ్లు మాకూ కావాలన్నారు. అలా నమూనాయే అసలు వస్తువైంది. ఇప్పుడది పసుపు రంగు గట్టి పెట్టె. పైకప్పుకు తగిలించే ఎల్‌ఈడీ దీపాలు, తలకు కట్టుకునే దీపాలు, ఫోన్ చార్జింగు, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్ అందులో ఉంటాయి. ఐక్యరాజ్యసమితి 2015లో ఈ సంస్థకు పది లక్షల డాలర్ల పురస్కారం ఇచ్చింది. పెట్టెలు వేల ఆరోగ్య కేంద్రాలకు చేరాయి.

ప్యానెల్ సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. సిలికాన్ పలక మీద ఎండ పడితే ఎలక్ట్రాన్లు కదులుతాయి, ఆ కరెంటును పగలు బ్యాటరీలో దాచి రాత్రి వాడుకుంటాం. ఇక కాగితం, పెన్సిలు తీసుకోండి. అసలు విషయం ఈ లెక్కలోనే ఉంది.

కాన్పుల గదికీ దాని పక్క గదికీ కలిపి నాలుగు దీపాలు, ఒక్కొక్కటి 300 లూమెన్లు, రాత్రి 12 గంటలు వెలగాలి అనుకుందాం. (లూమెన్ అంటే వెలుగుకు కొలత.) ఫిలమెంటు బల్బు వాటుకు 16 లూమెన్లు ఇస్తుంది. అంటే నాలుగింటికీ 75 వాట్లు, రాత్రికి 900 వాట్-అవర్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద ఇది 75 ఆంపియర్-అవర్లు. లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చస్తుంది కాబట్టి 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పెట్టాలి. అమ్మా, మీ మేడ మీదికి ఇద్దరు మోసింది సరిగ్గా ఇలాంటిదే అయ్యుంటుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించేదీ 150దే, యాభై కిలోలు దాటుతుంది. దాన్ని నింపడానికి సుమారు 250 వాట్ల ప్యానెళ్లు కావాలి.

ఇప్పుడు బల్బులు తీసేసి, వాటుకు 100 లూమెన్లు ఇచ్చే ఎల్‌ఈడీలు పెట్టండి. మొత్తం 12 వాట్లు. రాత్రికి 144 వాట్-అవర్లు. బ్యాటరీ 12 ఆంపియర్-అవర్లు, కాస్త మిగులు కలుపుకొని 15. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే (దాన్ని సగానికి మించి వాడినా పరవాలేదు) బరువు రెండు కిలోల దరిదాపు. ప్యానెల్ 40 వాట్లు చాలు, చంకలో పెట్టుకుని నడిచిపోవచ్చు. ఎండ అదే, ప్యానెల్ చేసే పనీ అదే. ముఖ్యంగా మారింది దీపమే.

తెల్లని ఎల్‌ఈడీ 1996లో మొదటిసారి బజారుకొచ్చినప్పుడు వాటుకు సుమారు 5 లూమెన్లే ఇచ్చేది, బల్బు కన్నా కనాకష్టం. 2008 నాటికి మేలురకాలు వందను తాకాయి. స్టాషెల్ నైజీరియా వెళ్లిన ఏడాది అదే. ఓ పదేళ్లు ముందు వెళ్లి ఉంటే ఆమె భర్త ఎంత తెలివైనవాడైనా ఆ పెట్టె కట్టగలిగేవాడు కాదు.

అయితే ఆ దీపం అంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది? ఎర్ర ఎల్‌ఈడీని నిక్ హొలొన్యాక్ 1962లోనే వెలిగించాడు. తెల్లని వెలుగుకు నీలం కావాలి. ఆ నీలం కోసం ముప్ఫై ఏళ్లు పట్టింది. నాకు తెలిసిన సైన్సు కథల్లో ఇంత ఆనందం ఇచ్చినవి తక్కువ.

ఎల్‌ఈడీలో వెలుగిచ్చే అర్ధవాహకాన్ని (సెమీకండక్టర్‌ను) పాత సినిమాహాలు అనుకోండి. పైన బాల్కనీ, కింద నేల. నేలలో సీట్లన్నీ నిండి ఉంటాయి. బాల్కనీలోకి కొన్ని ఎలక్ట్రాన్లను చేర్చాలి, నేలలో కొన్ని సీట్లు ఖాళీ చేయించాలి. అప్పుడు బాల్కనీలో ఉన్న ఎలక్ట్రాన్ కింది ఖాళీ సీట్లోకి దూకుతుంది, దూకినప్పుడు వదిలిన శక్తే వెలుగు. ఎత్తు తక్కువైతే ఎరుపు, ఎక్కువైతే నీలం. నీలానికి తగినంత ఎత్తున్న బాల్కనీ గాలియం నైట్రైడ్‌ది. ఈ సంగతి అందరికీ తెలుసు. హాలు కట్టడమే ఎవరికీ చేతకాలేదు.

మొదటి చిక్కు పునాది. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని పెంచడానికి దొరికిన నేల నీలమణి. అంటే రంగులేని కృత్రిమ నీలమణి. రెండింటిలోనూ పరమాణువుల మధ్య దూరాలకు పొంతన లేదు, 16 శాతం దాకా తేడా. ఒక కొలత బండలు పరిచిన గచ్చు మీద గీతకు గీత కలిపి మరో కొలత బండలు పరచాలంటే ఎలా ఉంటుందో అలా. స్ఫటికం పగుళ్లతో, మబ్బుమబ్బుగా వచ్చేది.

రెండో చిక్కు ఖాళీ సీట్లు. గాలియం స్థానంలో మెగ్నీషియం చేర్చితే ఒక ఎలక్ట్రాన్ తక్కువై సీటు ఖాళీ కావాలి. పుస్తకం అలాగే చెబుతుంది. ఎంత చేర్చినా ఖాళీ మాత్రం కనబడలేదు.

అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీకి గోడకు తగిలించుకునే టీవీ చేయాలని కోరిక. అందుకోసం 1968లో హెర్బర్ట్ మరుస్కా అనే యువకుడికి గాలియం నైట్రైడ్ పని అప్పగించారు. అతను స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధక విద్యార్థిగా ఉంటూ 1972లో మెగ్నీషియం కలిపి మసక ఊదా వెలుగు రప్పించాడు. మెగ్నీషియమే సరైన పదార్థమని ఇప్పుడు మనకు తెలుసు. గుమ్మం దాకా వచ్చిన మనిషి! కంపెనీ రెండేళ్లలో ఆ పని ఆపించేసింది. ఆ తర్వాత చాలామంది గాలియం నైట్రైడ్‌ను వదిలేసి జింకు సెలెనైడ్ వైపు పరుగెత్తారు. దాని స్ఫటికం చక్కగా పెరిగేది, పునాదితో పొత్తు కుదిరేది. 1991లో త్రీఎం కంపెనీవాళ్లు దానితో నీలి-పచ్చ లేజరు కూడా చేశారు. కానీ ఆ మెత్తని పదార్థంలో లోపాలు పాకిపోయి దీపం త్వరగా ఆరిపోయేది. అందంగా పెరిగే స్ఫటికమే గెలుస్తుందని అంత పెద్ద పెద్ద ప్రయోగశాలలు నమ్మాయి, పొరబడ్డాయి.

జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి మాత్రం వదలలేదు. ఆయన శిష్యుడు హిరోషి అమానో అప్పటికింకా విద్యార్థి. వందలసార్లు విఫలమయ్యాడు. ఒకరోజు కొలిమి సరిగా వేడెక్కలేదు. ఆ తక్కువ వేడిలోనే అల్యూమినియం నైట్రైడ్ పలచని పొర వేసి, దాని మీద గాలియం నైట్రైడ్ పెంచి చూశాడు. అద్దంలా నున్నటి స్ఫటికం! ఎగుడుదిగుడు నేల మీద ఇసుక పరిచి ఆ పైన బండలు వేస్తే కుదురుకున్నట్టు, 500 డిగ్రీల దగ్గర వేసిన ముప్ఫై నానోమీటర్ల పొర పునాదిలోని తేడానంతా తనలోకి తీసుకుంది. 1986లో ఈ ఫలితం అచ్చయింది. మొదటి చిక్కు విడిపోయింది.

రెండోది ఇంకా బాగుంటుంది. అమానో తన స్ఫటికాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుంటే, చూస్తున్నకొద్దీ అది ఎక్కువగా వెలుగుతోంది. 1989లో మెగ్నీషియం కలిపిన స్ఫటికం మీద ఎలక్ట్రాన్ ధార పంపితే ఖాళీ సీట్లు కనిపించాయి. ఎందుకో వాళ్లకు అంతుపట్టలేదు.

ఆ ‘ఎందుకు’ను 1992లో తేల్చింది షుజీ నకమురా. తొకుషిమా ప్రాంతంలో నిచియా అనే చిన్న కంపెనీ ఉద్యోగి, అప్పటికి డాక్టరేటు లేదు. అమెరికాలో ఏడాది ఉన్నప్పుడు తనను పరిశోధకుడిగా కాక టెక్నీషియన్‌గా చూశారని బాధపడ్డాడు. గాలియం నైట్రైడ్ మీద పనిచేసేవాళ్లు తక్కువ కాబట్టి వ్యాసాలు అచ్చువేయించుకోవడం తేలికని దాన్ని ఎంచుకున్నానని ఆయనే చెప్పాడు. సదస్సుల్లో జింకు సెలెనైడ్ గది కిటకిటలాడుతుంటే గాలియం నైట్రైడ్ గదిలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండేవారట.

ఆయన కనిపెట్టింది ఇది. గాలియం నైట్రైడ్‌ను అమ్మోనియా వాయువులో పెంచుతారు. అమ్మోనియాలో హైడ్రోజన్ ఉంది. మెగ్నీషియం ఖాళీ చేసిన ప్రతి సీటు మీదా హైడ్రోజన్ వచ్చి, బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, కర్చీఫ్ వేసేస్తోంది! సీటు ఉంది, కూర్చోవడానికి లేదు. ఇరవై ఏళ్లుగా అందరూ మెగ్నీషియాన్ని తప్పుపట్టారు, కర్చీఫ్‌ను ఎవరూ చూడలేదు. నకమురా స్ఫటికాన్ని నైట్రోజన్‌లో 700 డిగ్రీలు దాటేలా కాల్చాడు. హైడ్రోజన్ లేచిపోయింది, సీట్లు ఖాళీ అయ్యాయి. మళ్లీ అమ్మోనియాలో కాల్చాడు, కర్చీఫ్‌లు తిరిగొచ్చాయి. మళ్లీ నైట్రోజన్‌లో కాల్చాడు, పోయాయి. వాదనకు తావులేని ఇంత శుభ్రమైన ప్రయోగం అరుదు. ఎలక్ట్రాన్ ధార చేసిన పనీ ఇదేనని దీంతో తేలింది. 1993 చివర్లో నిచియా కళ్లు చెదిరే నీలి దీపం బయటపెట్టింది.

ఇంకొక ఆశ్చర్యం మిగిలే ఉంది. చదరపు సెంటీమీటరుకు వెయ్యి లోపాలు దాటితే దీపం వెలగదని అప్పటి నమ్మకం. ఈ దీపంలో వందకోట్లకు పైగా ఉన్నాయి, అయినా వెలిగింది. నీలి రంగు కోసం కలిపిన ఇండియం అక్కడక్కడ ఎక్కువతక్కువలుగా పేరుకుని, ఎలక్ట్రాన్లు లోపాల దాకా పోకుండా చిన్న గుంటల్లో పట్టి ఉంచుతుందని ఎక్కువమంది వివరణ. ఆ నీలి చిప్పు మీద సీరియం కలిపిన పసుపు పూత వేస్తే, కొంత నీలం పసుపుగా మారి, రెండూ కలిసి కంటికి తెలుపుగా కనబడతాయి. మీ గదిలో ఉన్న ఎల్‌ఈడీ బల్బు దాదాపుగా ఇదే. అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతిక శాస్త్ర నోబెల్ ఇస్తూ, కరెంటు తీగ చేరని 150 కోట్ల మందికి స్థానిక సోలార్‌తో వెలుగిచ్చే దీపమని కమిటీ ప్రత్యేకంగా చెప్పింది.

సీఎఫ్‌ఎల్ ఉండేది కదా అని అడుగుతారేమో. ఉండేది, సోలార్ లాంతర్లలో వాడారు కూడా. కానీ అది పాదరసం ఉన్న గాజుగొట్టం. గతుకుల దారిన వెళ్లే పెట్టెలో పగిలితే ఆ పాదరసం పసిబిడ్డలున్న గదిలో చిందుతుంది. నర్సు నుదుటికి కట్టుకోవడానికీ పనికిరాదు. కాన్పు తర్వాత చిరుగుకు కుట్లు వేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండి, చూపు ఎటు పోతే వెలుగు అటు పోవాలి. ఇంకో మాట. కిరోసిన్ లాంతరు వెలుగంతా పసుపూ ఎరుపూ, నీలం దాదాపు సున్నా. ఆ వెలుగులో పుట్టిన బిడ్డ పెదాలు నీలంగా ఉన్నాయో లేదో పోల్చుకోవడం చాలా కష్టం. వెలుగులో నీలం ఉంటేనే కంటికి నీలం తెలుస్తుంది. పూత వేయని నీలి ఎల్‌ఈడీ పుట్టు కామెర్లకు వైద్యంగా కూడా పనికొస్తుంది, చర్మం కింది బిలిరుబిన్‌ను శరీరం తేలిగ్గా బయటికి పంపగల రూపంలోకి అది మారుస్తుంది.

ఇంత చక్కని దీపం ఉన్నా పని పూర్తికాలేదు. పేద, దిగువ మధ్యాదాయ దేశాల్లో దాదాపు వందకోట్ల మంది నమ్మకమైన కరెంటు లేని, లేదా అసలే లేని ఆరోగ్య కేంద్రాల మీద ఆధారపడి ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు తదితర సంస్థలు 2023లో చెప్పాయి. సహారా దిగువ ఆఫ్రికాలో 15 శాతం కేంద్రాలకు కరెంటే లేదు. నాకు కోపం తెప్పించేది మరొకటి. విరాళంగా వచ్చిన సోలార్ పరికరాలు రిబ్బను కత్తిరించిన రోజు వెలిగి, నాలుగైదేళ్లకు బ్యాటరీ చచ్చి మూలన పడతాయి. దీపం ఎన్నో ఏళ్లు బతుకుతుంది, ప్యానెల్ పాతికేళ్లు బతుకుతుంది, బ్యాటరీ మాత్రం బతకదు. పెట్టెతోపాటు నర్సులకూ టెక్నీషియన్లకూ శిక్షణ ఇవ్వడం వి కేర్ సోలార్ పనిలో భాగం. పెట్టెకు ఎంత విలువ ఇస్తానో దానికీ అంతే ఇస్తాను.

కాబట్టి ఉత్తరం రాసిన అమ్మకూ, మిగతా పాఠకులకూ ఒక మనవి. మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి ఎవరైనా సోలార్ ఇస్తామని వస్తే, ప్యానెల్ ఎన్ని వాట్లని తర్వాత అడగవచ్చు. అయిదో ఏడాది బ్యాటరీ మార్చే డబ్బు ఎవరి ఖాతాలో ఉందో ముందు అడగండి. దాన్ని కాగితం మీద రాయించుకోండి.