గొప్ప పేరు దొరికితే చాలదు, గొలుసు కలవాలి

బబులోను చెర ముగిసింది. యూదులు స్వదేశానికి తిరిగొచ్చారు. క్రీస్తుపూర్వం 538 తర్వాతి మాట ఇది. ఎవరు ఏ ఇంటివారో, ఏ ఊరివారో పట్టీ రాస్తున్నారు. యాజకుల వంతు వచ్చేసరికి ఒక కుటుంబం దగ్గర కలం ఆగిపోయింది. ఆ ఇంటి పూర్వికుడొకడు గిలాదువాడైన బర్జిల్లయి ఇంటి ఆడపడుచును పెళ్లాడి, అత్తింటివారి పేరే తన పేరుగా పెట్టుకున్నాడు. బర్జిల్లయి అంటే సామాన్యుడా? కన్నకొడుకు తిరుగుబాటుకు జడిసి ప్రాణాలు అరచేత పట్టుకుని వెళ్లిన దావీదు రాజుకు పరుపులు, గోధుమలు, తేనె, వెన్న తెచ్చి ఆదుకున్న శ్రీమంతుల్లో ఒకడు. అలాంటి పేరు దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు? కానీ తరాలు గడిచాక వంశావళి పుస్తకంలో వెదికితే ఆ కుటుంబం వారి పేర్లే కనబడలేదు. ఈ సంగతి ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలో ఉంది. అధికారి వారిని అబద్ధికులని తిట్టలేదు, ఊళ్లోంచి వెళ్లగొట్టలేదు. తేలేదాకా యాజకుల భాగం ముట్టవద్దన్నాడు, అంతే!

వంశవృక్షం గీసుకోవాలన్న ఆసక్తి ఈమధ్య మన ఇళ్లలో బాగా పెరిగింది. అమెరికాలో ఉన్న మనవడు ఫోన్ చేసి 'మన పూర్వికుల్లో గొప్పవాళ్లు ఎవరైనా ఉన్నారా తాతా?' అని అడుగుతాడు. ప్రశ్న మంచిదే. చిక్కంతా జవాబు చెప్పే తొందరలో ఉంది. ముందు గొప్పవాడిని ఎంచుకుని, అక్కడినుంచి మన ఇంటిదాకా నిచ్చెన వేసేస్తాం. మధ్యలో మెట్లు లేకపోయినా ఫరవాలేదనుకుంటాం.

కదిరి సీమలోనే ఇందుకు పెద్ద ఉదాహరణ ఉంది. గాండ్లపెంట మండలం కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. వేమన మావాడే, మా వంశంవాడే అని చెప్పుకునేవారు నేటికీ ఉన్నారు. ఆయన కొండవీటి రెడ్డిరాజుల ఇంట పుట్టాడన్న కథ పిల్లలకు కూడా తెలుసు. అయితే కొండవీటి రెడ్ల ఏలుబడి 1325 ప్రాంతంలో మొదలై 1424 నాటికి ముగిసింది. వేమన కాలం 17వ శతాబ్దమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అంటే మధ్యలో రెండు వందల ఏళ్లకు పైగా ఎడం! ఆ ఎడాన్ని పూడ్చే తండ్రితాతల వరుస చరిత్రకు అందలేదు. కథ అబద్ధమని కొట్టిపారేయాల్సిన పనిలేదు. ఎజ్రా కాలపు అధికారిలా, ఆధారం దొరికేదాకా పక్కన ఉంచితే చాలు. పుట్టుకను చూసి మిడిసిపడేవారిని జీవితమంతా ఎగతాళి చేసిన మనిషికి మనమే రాజవంశం తగిలించడం ఎంత విడ్డూరం! వేమన మనకు దక్కింది వంశం వల్ల కాదు. పామరుల నాలుకల మీద బతికాడు, తాటాకుల మీద మిగిలాడు. కలకత్తాలో పనిచేసిన ఒక పాదిరిగారి కుమారుడు సి.పి.బ్రౌన్ ఆ పద్యాలను పోగుచేసి, ఆంగ్లానువాదంతో 1829లో అచ్చువేయించాడు.

రాతలో ఉన్నదంతా నిజమే అనుకోవడం కూడా పొరపాటే. 1800లో నిజాం నవాబు ఈ దత్తమండలాలను కుంఫిణీకి అప్పగించాడు. థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉండి పాలెగాళ్ల పెత్తనాన్ని అణచాడు. ఆ రోజుల్లోనే కాలిన్ మెకంజీ తన మనుషులను ఊరూరా పంపి స్థానిక చరిత్రలు రాయించాడు. కైఫీయతులంటే అవే. పాలెగాళ్ల వంశావళులు ఎన్నో వాటిలో చేరాయి. అవి ఎంతో విలువైనవి. కానీ పోయిన పాలెం, ఆగిన ఆదాయం మనసులో పెట్టుకున్న కుటుంబం తన పూర్వికుణ్ణి ఎంత ఎత్తున కూర్చోబెడుతుందో ఊహించలేమా? అందుకే ఏ వంశావళి చూసినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎవరు చెప్పారు? చెప్పినందువల్ల వారికి కలిగే లాభమేమిటి?

మరి రాత లేనివారి మాటేమిటి? మన పెద్దలు వంశాన్ని నోటిలో దాచారు. పిచ్చుకుంట్లవారు రెడ్ల ఇళ్లకు వచ్చి గోత్రాలు, వంశాలు పాడేవారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం వినిపించేవారు. దానం ఇచ్చే ఇంటివారిని పొగడటం వారి వృత్తిలో భాగం గనుక పొగడ్తను తీసి పక్కన పెట్టాలి. అయితే ఆ పాటల్లో వచ్చే ఊళ్ల పేర్లు, వలసల దారులు చాలాసార్లు వెదుకులాటకు మంచి ఆనవాళ్లు.

ఇక కాగితాలకు వద్దాం. వెదుకులాట ఎప్పుడూ మనతోనే మొదలుపెట్టి వెనక్కి వెళ్లాలి. ముందు నాన్న, తర్వాత తాత, ఆ తర్వాత ముత్తాత. ఒక్కో మెట్టుకు ఒక్కో ఆధారం. బడిలో చేర్చుకున్న రిజిస్టరు, పొలం దస్తావేజు, పాత అడంగల్, సమాధి రాయి, పెళ్లి పత్రిక, ఇలా ఏదైనా పనికొస్తుంది. కదిరివారు మరచిపోకూడని సంగతి ఒకటుంది. కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలో ఉండేది. తర్వాత అనంతపురంలో కలిసింది, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. కాబట్టి ముత్తాతల నాటి లెక్కలను అనంతపురం పేరు మీద వెదికితే దొరక్కపోవచ్చు. కడప పేరు మీద వెదకాలి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేయించిన రిజిస్టర్లు మరో గని. అగ్రహారాలు, గుడి మాన్యాలే కాదు, ఊరికి చాకిరీ చేసిన తలారుల, వెట్టివారల మాన్యాలు కూడా అందులోకి ఎక్కాయి. పేదవాడి పూర్వికుడు సర్కారు కాగితంలో కనిపించే అరుదైన చోటు అది!

సంఘకాపరులుగా మా దగ్గరికి బాప్తిస్మపు రిజిస్టరు చూపమని వచ్చేవారున్నారు. లండన్ మిషనరీ సొసైటీ 1810లో బళ్లారిలో, 1822లో కడపలో పని ప్రారంభించింది. ఆ మిషనరీల ఉత్తరాలు, నివేదికలు నేడు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వచ్చేవారిలో చాలామంది ఏ పేరున్న ఉపదేశి పేరో, తొలి బోధకుడి పేరో కనబడుతుందని ఆశిస్తారు. పుట తిప్పితే కనబడేది ఒక వరుస మాత్రమే. ఒక పేరు, తండ్రి పేరు, పల్లె పేరు, తేదీ. కొన్నిచోట్ల బాప్తిస్మానికి ముందున్న పేరు కూడా ఉంటుంది. ఆ పాత పేరును వదిలేశామా, గొలుసు అక్కడే తెగిపోతుంది. ఎందుకంటే యోహానుగా మారిన మనిషి అంతకుముందు లెక్కల్లో యోహానుగా ఉండడు కదా! దీనికి తోడు మరో ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు ఎస్సీ హోదా వర్తించదు. అందువల్ల చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉన్న ఇళ్లున్నాయి. కొన్ని పేర్లు ఇంట్లో కూడా పైకి చెప్పరు. అలాంటి ఇంట్లో వంశవృక్షం గీయడం సరదా పని కాదు. పెద్దల అనుమతితో, మెల్లగా, గౌరవంగా చేయవలసిన పని.

దేశం దాటిన మనవారి కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఒప్పందపు కూలీలుగా 1,52,184 మంది వెళ్లారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తెలుగువారు అందులో ఎందరో. వారి కోసమే నెల్లూరు ప్రాంతపు బాప్తిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్యగారిని మిషనరీగా పంపాయి. ఓడ లెక్కల్లో ప్రతి కూలీకి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఆ రాత మనుషులను లెక్కపెట్టడానికే గాని గౌరవించడానికి కాదు. అయినా నేడు వారి మునిమనవలు ఆ నంబరు పట్టుకుని సొంత ఊరు వెదుక్కుంటున్నారు. ఎవరికీ పట్టని కూలి మనిషే ఒక వంశానికి మూలపురుషుడయ్యాడు!

ఒక చిన్న లెక్క వేసి చూడండి. తల్లిదండ్రులు ఇద్దరు, వారి తల్లిదండ్రులు నలుగురు, ఆ పైన ఎనిమిదిమంది. ఇలా పదో తరం చేరేసరికి 1,024 స్థానాలు. మన సీమలో మేనరికాలు ఎక్కువ గనుక అన్ని స్థానాల్లో వేరువేరు మనుషులు ఉండరు. మేనమామ కూతుర్ని చేసుకుంటే పుట్టే బిడ్డకు ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిదిమంది ఉండాల్సిన చోట ఆరుగురే ఉంటారు. అయినా వందలమంది రక్తం మనలో ఉంది. అందులో ఒక్క పాలెగాడినో, ఒక్క కవినో పట్టుకుని 'మేము ఫలానావారం' అనడం మిగిలిన వందలమందిని ఇంట్లోంచి బయటికి నెట్టడం కాదా? గూటిబైలు దగ్గరి తిమ్మమ్మ మర్రిమానును 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కించింది ఒక్క కాండం కాదు. నేలకు దిగి మానులైన ఊడలు దాన్ని అయిదెకరాలకు మించి పరిచాయి. వంశం కూడా అలాంటిదే.

మత్తయి సువార్త మొదటి అధ్యాయం చదివేటప్పుడు చాలామంది ఆ పేర్ల వరుసను దాటేస్తారు. దాటకండి. దావీదు, సొలొమోను అక్కడున్నారు, నిజమే. కానీ తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య కూడా ఉన్నారు. పరువు కోసం చెరిపేయదగిన పేర్లని లోకం అనుకునేవే అవి. జెరుబ్బాబెలు తర్వాత వచ్చే అబీహూదు మొదలైనవారి గురించి చెప్పుకోవడానికి మనకు దాదాపు ఏమీ తెలియదు. అయినా వారిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ గొలుసు బేత్లెహేము చేరదు.

ధాతనామ సంవత్సరంలో మొదలైన 1876–78 కరువును దాటి, ఒక బిడ్డనైనా బతికించుకున్న అవ్వ ఒకరు ఈ సీమలో ప్రతి ఇంటి వెనుకా ఉంది. ఆమె పేరు శాసనంలో ఉండదు. ఇంట్లో మిగిలిన ఏ ముసలి ప్రాణానికో మాత్రమే తెలిసి ఉంటుంది. ఆ ప్రాణం పోతే ఆ పేరూ పోతుంది. అందుకే ఈ వారమే ఒక నోటుపుస్తకం తీసుకుని వారి పక్కన కూర్చోండి. చెప్పింది చెప్పినట్టు రాయండి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాయండి. సంఘ పెద్దలు తమ పాత రిజిస్టర్లను చెదల పాలు కాకుండా చూసుకోవాలి. ఆ వెదుకులాటలో గొప్పవాడెవరైనా ఎదురైతే సంతోషమే. ఎదురుకాకపోతే మనం తక్కువవాళ్లమేమీ కాము. మన పేరు విని మన మనవలు ఒకనాడు తలెత్తుకునేలా బతకడం మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది!